పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కింద ఆయిల్ కారుతోందా? విశాఖ బండ్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

జిప్సీ, మహీంద్రా జీపు, 2020కి ముందు వచ్చిన థార్, పాత స్కార్పియో ఫోర్ వీల్ డ్రైవ్. ఇలాంటి బండ్లను ఇంకా ఇష్టంగా నడుపుతున్నవాళ్లు విశాఖలో కలిసినప్పుడల్లా వచ్చే మాట ఒకటే: కింద ఆయిల్ కారుతోంది, ఏం చేయాలి? ఇక్కడ ఇంజిన్ జోలికి పోవడం లేదు. ఇంజిన్ వెనక నుంచి చక్రాల దాకా ఉండే గేర్ బాక్స్, దాని శక్తిని ముందు వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, చక్రాల మధ్య డిఫరెన్షియల్ గేర్లు ఉండే ముందు వెనక హౌసింగ్‌ల గురించి మాత్రమే రాశాను. సీల్ (తిరిగే షాఫ్ట్ చుట్టూ ఆయిల్‌ను ఆపే రబ్బరు రింగు) మార్చడం కంటే అది ఎందుకు పోయిందో చూడటం ముఖ్యమని గట్టిగా నమ్ముతాను. అందుకే కింది జవాబుల్లో చాలావరకు తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

బండి కింద మరక పడింది. అది ఏ ఆయిలో ఎలా తెలుస్తుంది?

రాత్రి బండి కింద ఒక పాత అట్ట పరచండి. చుక్క ఎక్కడ పడిందో, ఏ రంగులో ఉందో పొద్దున్నే రెండూ తెలుస్తాయి. గేర్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, తేనె రంగు నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఉండొచ్చు. వాసన చూస్తే గంధకం కంపు కొడుతుంది. ఒకసారి ముక్కుకు తగిలితే ఇక మర్చిపోరు. ఎర్రగా, పల్చగా ఉంటే ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్ బాక్స్‌ల కోసం చేసే ఆయిల్. అది పవర్ స్టీరింగ్‌ది కావచ్చు, ఏటీఎఫ్ వాడే ట్రాన్స్‌ఫర్ కేస్‌ది కావచ్చు. నల్లగా ఉంటే చాలావరకు ఇంజిన్ ఆయిల్. నీళ్లలా పల్చగా ఉండి చక్రం లోపలి వైపు కనిపిస్తే బ్రేక్ ఆయిల్ అనుకోవాలి. ఆ అనుమానం వస్తే బండి రోడ్డెక్కించకండి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

ఇంజిన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య ఉండే బెల్ హౌసింగ్ అడుగున చుక్క వేలాడుతుంటే రెండు దారులున్నాయి. ఇంజిన్ వెనక సీల్ పోయి ఉండాలి, లేదా గేర్ బాక్స్ ముందు సీల్ పోయి ఉండాలి. వాసన చూస్తే తేడా తెలిసిపోతుంది. ఏది పోయినా గేర్ బాక్స్ దించక తప్పదు. కాబట్టి దించినప్పుడే రెండు సీళ్లూ మార్పించండి, క్లచ్ ప్లేటు కూడా చూపించండి.

ఎక్కడి నుంచి కారుతోందో పట్టుకోవడం ఎలా?

చుక్క పడిన చోటే లీక్ ఉందనుకోవద్దు. బండి నడుస్తుంటే గాలి ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది, బరువు కిందికి లాగుతుంది. అందుకే తడిసిన భాగాల్లో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్న చోటును వెతకాలి.

ముందు కిరోసిన్, బ్రష్షు పెట్టి జిడ్డంతా కడిగి బాగా ఆరనివ్వండి. అనుమానం ఉన్న చోట టాల్కం పౌడర్ పల్చగా చల్లి, పది పదిహేను కిలోమీటర్లు నడిపి, మళ్లీ టార్చి వేసి చూడండి. పౌడర్ మీద తడి గీత ఎక్కడ మొదలైందో అదే చోటు. సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెషర్ వాటర్‌తో కడిగిస్తే మాత్రం సీళ్ల మీదికీ, హౌసింగ్‌కు గాలి దారి అయిన బ్రీదర్ మీదికీ నేరుగా కొట్టవద్దని చెప్పండి.

కొంచెం చెమ్మగా ఉంది, అంతే. ఇప్పుడే చేయించాలా?

చెమ్మగా ఉండి, దుమ్ము అంటుకుని, చుక్క మాత్రం రాలకపోతే తొందర లేదు. కానీ లెవెల్ వెంటనే చూడాలి. చిన్న ఫోర్ బై ఫోర్ వెనక హౌసింగ్‌లో పట్టే ఆయిలే సుమారు లీటరున్నర నుంచి రెండు లీటర్లు. ఇంజిన్‌కి ఉన్నట్టు దీనికి ఆయిల్ లైటూ ఉండదు, డిప్‌స్టిక్కూ ఉండదు. అందులో సగం పోయినా డ్రైవర్‌కి ఏమీ తెలియదు. తెలిసేది హౌసింగ్‌లోని పెద్ద గేరు, అంటే క్రౌన్ నుంచి ఊళ వినిపించినప్పుడే, అప్పటికి గేరు పళ్లు అరిగిపోయి ఉంటాయి. ఒక సీల్‌తో పోయేది క్రౌన్, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్, రెండూ సెట్టుగా మార్చే దాకా వస్తుంది.

లెవెల్ చూడటం సులువు. బండిని సమతలం మీద నిలిపి, పక్కన ఉండే ఫిల్లింగ్ ప్లగ్ విప్పి వేలు పెట్టండి. చాలా బండ్లలో ఆయిల్ ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. వేలికి తగలకపోతే తక్కువగా ఉన్నట్టే.

రెండుసార్లు సీల్ మార్పించాను, అయినా కారుతోంది. సీల్ నాసిరకమా?

కావచ్చు. కానీ నేనైతే సీల్‌ను ఆఖరున అనుమానిస్తాను. మొదట చూడాల్సింది బ్రీదర్.

హౌసింగ్ లోపల ఆయిల్‌తో పాటు గాలి కూడా ఉంటుంది. బండి నడిచేకొద్దీ అది వేడెక్కి బయటికి పోవాలని చూస్తుంది. ఆ దారే బ్రీదర్. అది మట్టితోనో తుప్పుతోనో మూసుకుపోతే గాలి లోపలే బిగుసుకుంటుంది. 30 డిగ్రీల దగ్గర మూసిన గాలి 90 డిగ్రీలకు వేడెక్కితే దాని ఒత్తిడి దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. విశాఖ బండ్లకు దీని మీద ఇంకో భారం ఉంది. ఇక్కడి నుంచి సుమారు 115 కిలోమీటర్లు వెళ్తే అరకు, సముద్రమట్టానికి 900 మీటర్ల పైన. ఆ ఎత్తులో బయటి గాలి ఒత్తిడి ఇక్కడికంటే పదో వంతు తక్కువ. అంటే అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నప్పుడు హౌసింగ్ వేడెక్కి లోపలి ఒత్తిడి పెరుగుతుంటే, బయటి ఒత్తిడి తగ్గుతూ ఉంటుంది. షాఫ్ట్ సీల్ లోపలి అంచైన లిప్ ఉన్నది తిరిగే షాఫ్ట్ మీద ఆయిల్ జారకుండా ఆపడానికి. గాలి ఒత్తిడిని నిలబెట్టడానికి కాదు. కొత్త సీల్ అయినా అక్కడ ఆయిల్‌ను వదిలేస్తుంది. ఊళ్లో తిరిగినన్నాళ్లూ బాగానే ఉన్న బండి అరకు వెళ్లొచ్చాక కారడం మొదలుపెట్టిందంటే బ్రీదర్ మూసుకుపోయిందేమోనని ముందు చూడండి.

బ్రీదర్ బాగానే ఉంటే తర్వాత చూడాల్సింది షాఫ్ట్. ఏళ్ల తరబడి సీల్ లిప్ ఒకే చోట రాసుకుంటే ఫ్లాంజ్ (శక్తి తెచ్చే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను బిగించే ముక్క) మీద గాడి పడుతుంది. గోరు పెట్టి గీస్తే గోరు ఆగుతుంది. ఆ గాడి మీద ఎంత మంచి సీల్ వేసినా నిలవదు. గాడి లోతు తక్కువైతే సీల్‌ను ఒకట్రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో కూర్చోబెట్టి, లిప్ కొత్త చోట తగిలేలా చేయొచ్చు. గాడి మీద ఎక్కించే పల్చటి స్టీలు స్లీవ్‌లు కూడా దొరుకుతాయి. గాడి లోతుగా ఉంటే ఫ్లాంజే మార్చాలి.

మూడోది బేరింగ్. ఫ్లాంజ్‌ను రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. ఆట ఉంటే షాఫ్ట్ సీల్ మధ్యలో తిరగడం లేదన్నమాట. అలాంటప్పుడు సీల్ ఎన్ని మార్చినా డబ్బు దండగే, ముందు బేరింగ్ చేయించాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ కొనన కీలులా ఉండే క్రాస్ అరిగి వణుకు వస్తున్నా సీల్ మీద ఇదే ప్రభావం ఉంటుంది.

ఇంకోటి, కొందరు మెకానిక్‌లు మంచి ఉద్దేశంతోనే లెవెల్ దాటేలా ఆయిల్ పోస్తారు. ఎక్కువైంది ఎలాగూ బయటికే వస్తుంది.

బ్రీదర్ ఎక్కడ ఉంటుంది? ఎలా శుభ్రం చేయాలి?

హౌసింగ్ గొట్టం పైభాగాన చిన్న టోపీలా ఉంటుంది. కొన్ని బండ్లలో రబ్బరు పైపు కట్టి పైకి తెచ్చి ఉంటారు. గేర్ బాక్స్‌కీ ట్రాన్స్‌ఫర్ కేస్‌కీ కూడా వేరువేరుగా ఉంటాయి. టోపీ వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకి లాగితే కొద్దిగా కదలాలి. బిగుసుకుపోతే విప్పి, కిరోసిన్‌లో నానబెట్టి, గాలి కొట్టి చూడండి. విప్పే ముందు చుట్టూ ఉన్న మట్టి తుడవడం మరవద్దు, లేకపోతే అదంతా లోపలికి పడుతుంది.

వానల్లో నీళ్లు నిలిచిన రోడ్ల మీద తిరగాల్సి వస్తుంటే, పైపు పెట్టి బ్రీదర్‌ను బాడీ ఎత్తుకు తీసుకెళ్లడం నా దృష్టిలో ఈ బండ్లకు చేయగల మంచి పనుల్లో ఒకటి. పెద్ద ఖర్చూ ఉండదు.

ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంది. ఎందుకు?

నీళ్లు కలిశాయి. వేడిగా ఉన్న హౌసింగ్ నీళ్లలో మునిగితే ఒక్కసారిగా చల్లారుతుంది. లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ నుంచో పాత సీల్ అంచు నుంచో నీళ్లను లోపలికి లాగుతుంది. ఇక టాప్ అప్ చేసి లాభం లేదు. ఆ ఆయిల్ మొత్తం దించి కొత్తది పోయాలి, కొంత దూరం నడిపి మళ్లీ చూడాలి, తెల్లగానే ఉంటే మరోసారి మార్చాలి. ఉప్పునీళ్లు తగిలిన బండి అయితే ఒక్క రోజు కూడా ఆగొద్దు, బేరింగ్‌ల మీద తుప్పు త్వరగా పడుతుంది.

పినియన్ సీల్ నేనే మార్చుకోవచ్చా?

పానాలు పట్టడం అలవాటున్నవాళ్లు చేసుకోవచ్చు. కానీ అసలు కష్టం సీల్ దగ్గర లేదు, నట్టు దగ్గర ఉంది.

మొదట భద్రత. బండిని జాకీ మీద మాత్రమే నిలిపి కిందికి దూరకండి. గట్టి నేల మీద స్టాండ్లు వేయండి, నేల మీద ఉన్న చక్రాలకు అటూ ఇటూ అడ్డు పెట్టండి. ఫోర్ బై ఫోర్‌లో చాలామంది మర్చిపోయే విషయం ఇంకోటి ఉంది. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉంటే, గేరులో పెట్టి ఆపినా బండి నిలబడదు. పాత జీపుల్లో హ్యాండ్ బ్రేక్ డ్రమ్ ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ఉంటుంది. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పిన క్షణం నుంచి హ్యాండ్ బ్రేక్ లేనట్టే లెక్క. అదే జీపులో వెనక చక్రం ఒకటి గాల్లోకి లేపినా హ్యాండ్ బ్రేక్ ఆగదు, డిఫరెన్షియల్ ఆ చక్రాన్ని తిరగనిస్తుంది. అడ్డుపెట్టే చెక్కలే ప్రాణం కాపాడతాయి.

తర్వాత గుర్తులు. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కీ ఫ్లాంజ్‌కీ కలిపి ఒక గీత గీయండి, తిరిగి అలాగే కలపకపోతే వణుకు రావచ్చు. నట్టు, పినియన్ కొన, ఫ్లాంజ్ మూడింటి మీదుగా ఇంకో గీత. నట్టు బయట ఎన్ని మరలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. ఫోటో కూడా తీసి పెట్టుకోండి.

ఇంత జాగ్రత్త దేనికంటే, చాలా బండ్లలో ఆ నట్టు బిగువే పినియన్ బేరింగ్‌ల బిగువును నిర్ణయిస్తుంది. లోపల క్రష్ స్లీవ్ అనే మెత్తటి స్టీలు గొట్టం ఉంటే, నట్టు బిగించేకొద్దీ అది నలుగుతుంది, ఒకసారి నలిగితే వెనక్కి రాదు. ఎయిర్ గన్ పెట్టి బిగించేస్తే స్లీవ్ ఎక్కువ నలిగి, బేరింగ్ బిగుసుకుని, వేడెక్కి పోతుంది. అందుకే మెకానిక్ చేత చేయిస్తున్నా ఈ నట్టుకు ఎయిర్ గన్ వాడొద్దని ముందే చెప్పండి. పాత గీత దగ్గరికి తెచ్చి, అక్కడి నుంచి వెంట్రుకవాసి ఎక్కువ బిగిస్తే సాధారణంగా సరిపోతుంది. ఫ్లాంజ్‌ను చేత్తో తిప్పి చూస్తే విప్పే ముందు ఎంత బరువుగా తిరిగిందో అంతే ఉండాలి. క్రష్ స్లీవ్ కాకుండా గట్టి స్పేసర్, షిమ్‌లు (పల్చటి రేకులు) ఉన్న హౌసింగ్ అయితే ఇంత టెన్షన్ లేదు, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు బిగిస్తే చాలు. మీ బండిలో ఏది ఉందో మాన్యువల్ చూసే మొదలుపెట్టండి.

పాత సీల్ తీసేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో సీల్ కూర్చునే గోడ మీద గీతలు పడనివ్వకండి. ఫ్లాంజ్ మీద తుప్పు ఉంటే నున్నటి ఎమరీ పేపర్ చుట్టూ తిప్పుతూ రుద్దాలి, పొడవుగా రుద్దితే ఆ గీతల వెంటే ఆయిల్ బయటికి వస్తుంది. కొత్త సీల్ స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకు ఉండాలి. లిప్‌కు కాస్త గ్రీజు రాయండి. పొడి లిప్‌తో బండి కదిలితే మొదటి కిలోమీటర్‌లోనే మాడుతుంది. సీల్ అంత వెడల్పున్న పైపు ముక్క ఆనించి, చుట్టూ సమంగా కొట్టుకుంటూ దించండి. వంకరగా దిగిన సీల్‌ను సరిచేయడం కంటే ఇంకోటి కొనడం మేలు.

ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఆయిల్ ఎక్కువైంది, గేర్ బాక్స్‌లో తగ్గింది. బయట చుక్క లేదు. ఇదేంటి?

గేర్ బాక్స్‌కు నేరుగా బిగించిన ట్రాన్స్‌ఫర్ కేస్‌లో రెండింటికీ మధ్య ఉన్న సీల్ పోతే ఇలా జరుగుతుంది. ఆయిల్ బయటికి రాకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోతుంది. బయట తడి లేదని బండి యజమాని నిశ్చింతగా ఉంటాడు, లోపల గేర్ బాక్స్ ఎండిపోతుంటుంది. అందుకే ఎప్పుడు లెవెల్ చూసినా రెండూ చూడాలి. జిప్సీకి ఈ బాధ లేదు, దాని ట్రాన్స్‌ఫర్ కేస్ విడిగా ఉంటుంది, మధ్యలో చిన్న షాఫ్ట్ ఉంటుంది.

పాత జీపుల్లో వెనక అవుట్‌పుట్ సీల్ కారితే ఆయిల్ తిన్నగా హ్యాండ్ బ్రేక్ డ్రమ్‌లోకే పోతుంది. హ్యాండ్ బ్రేక్ పట్టడం లేదని కేబుల్ బిగిస్తూ కూర్చోకుండా డ్రమ్ విప్పి చూడండి.

జిప్సీ ముందు చక్రాల వెనక గ్రీజు పల్చగా కారుతోంది. కొత్త గ్రీజు పెడితే సరిపోతుందా?

సరిపోదు. ముందు చక్రం మలుపు తిరిగే చోట ఉండే ఆ గుండ్రటి నకిల్‌లో ఉండాల్సింది చిక్కటి గ్రీజు మాత్రమే. అది జావలా పల్చబడిందంటే హౌసింగ్ లోపలి సీల్ పోయి గేర్ ఆయిల్ వచ్చి కలుస్తోందని అర్థం. బయటి ఫెల్టు, రబ్బరు మాత్రమే మార్చి పంపిస్తే కొన్నాళ్లకే మళ్లీ వస్తుంది. యాక్సిల్ బయటికి తీసి లోపలి సీల్ మార్చాలి, నకిల్ మొత్తం కడిగి కొత్త గ్రీజు నింపాలి.

వెనక చక్రం లోపలి వైపు ఆయిల్ కనిపిస్తోంది.

దీన్ని రేపటికి వాయిదా వేయకండి. యాక్సిల్ సీల్ పోతే ఆయిల్ బ్రేక్ షూల మీదికి వస్తుంది, బ్రేక్ ఒక పక్కకు లాగుతుంది. ఘాట్ దిగుతున్నప్పుడు అలా లాగితే పక్కన లోయ ఉంటుంది. ఆయిల్ తాగిన షూలను పెట్రోల్‌తో కడిగి, కాల్చి మళ్లీ వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఒప్పుకోకండి. రెండు వైపులా కొత్త షూలు వేయించండి.

అన్నిటికీ 90 ఆయిల్ పోసేస్తే సరిపోదా?

సరిపోదు. 90 అనేది చిక్కదనం మాత్రమే, దాని పక్కన రాసి ఉండే, ఆయిల్ రకం చెప్పే జీఎల్ నంబరు కూడా చూడాలి. క్రౌన్, పినియన్ ఉండే హౌసింగ్‌కు సాధారణంగా జీఎల్-5 కావాలి, పళ్లు ఒకదాని మీద ఒకటి గట్టిగా జారుతూ నడుస్తాయి కాబట్టి. పాత గేర్ బాక్స్‌లలో గేర్ మెత్తగా పడేలా చేసే ఇత్తడి సింక్రోనైజర్ రింగులు ఉంటాయి, వాటికి ఎక్కువగా జీఎల్-4 చెబుతారు. జీఎల్-5లో ఉండే గంధకం, ఫాస్ఫరస్ పాళ్లు ఎక్కువ. కొన్ని జీఎల్-5 ఆయిల్స్‌తో ఆ రింగులు త్వరగా అరుగుతాయి, గేర్ పడటం కూడా మొరాయిస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ సంగతి మరీ వేరు: చైన్‌తో నడిచేవాటిలో చాలావాటికి ఏటీఎఫ్, గేర్లతో నడిచేవాటికి గేర్ ఆయిల్. డబ్బా కొనేముందు మాన్యువల్ చూడండి.

లీక్ తగ్గుతుందని చిక్కటి 140 ఆయిల్ పోయమనే సలహా వినిపిస్తుంది. చుక్కలు కాస్త తగ్గొచ్చు, కానీ లంబసింగి, పాడేరు వైపు చలికాలం పొద్దున్నే అంత చిక్కటి ఆయిల్ బేరింగ్‌ల దాకా చేరడానికి సమయం పడుతుంది. నేను పోయను.

లీక్ ఆపే మందులు పనిచేస్తాయా?

అవి రబ్బరును ఉబ్బేలా చేస్తాయి. సీల్ కొద్దిగా గట్టిపడిన చోట కొన్నాళ్లు పనిచేయొచ్చు. గాడి పడిన షాఫ్ట్‌నూ, అరిగిన బేరింగ్‌నూ, మూసుకుపోయిన బ్రీదర్‌నూ ఏ మందూ బాగుచేయదు.

ఆయిల్ మార్చేటప్పుడు ముందు ఏం విప్పాలి?

ఎప్పుడూ ఫిల్లింగ్ ప్లగ్గే ముందు. సముద్రపు గాలికి ప్లగ్గులు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. కింది ప్లగ్ విప్పి ఆయిలంతా దించేశాక పైది రాకపోతే, బండి కదలదు. రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచి, ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించండి. కింది ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు మెత్తటి పేస్ట్ ఉండటం మామూలే. చేతికి గుచ్చుకునే ముక్కలు కనిపిస్తే మాత్రం హౌసింగ్ విప్పించాలి. వాషర్ కొత్తది వేయండి, చాలాచోట్ల లీక్ అనుకునేది ఈ పాత వాషర్ దగ్గర చెమ్మే.

సీల్ కంపెనీది దొరకడం లేదు. ఏం చేయాలి?

పాత సీల్ పారేయకండి. దాని ముఖం మీద మూడు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 35 62 10 అని ఉంటే లోపలి వ్యాసం 35 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 62, మందం 10. గాజువాక ఆటోనగర్‌లో గానీ, బేరింగ్‌లు అమ్మే షాపుల్లో గానీ ఆ కొలతలతో అడగండి. కొలత ఒక్కటే చాలదు. దుమ్ము ఆపే రెండో లిప్ ఉందా, లిప్ మీద ఏటవాలు గీతలు ఉన్నాయా చూడండి. ఆ గీతలు షాఫ్ట్ తిరిగే దిశను బట్టి ఉంటాయి, తిరగబడినవి వేస్తే ఆయిల్‌ను బయటికే తోస్తాయి.

ఎల్లుండి అరకు ప్రయాణం. టాప్ అప్ చేసి వెళ్లొచ్చా?

చెమ్మ మాత్రమే అయితే, లెవెల్ నింపి, బ్రీదర్ చూసుకుని, ఒక లీటరు అదే ఆయిల్ వెంట పెట్టుకుని వెళ్లొచ్చు. పైకి చేరాక ఒకసారి కిందికి చూడండి. గంటకో చుక్క రాలుతుంటే, చక్రాల దగ్గర తడి ఉంటే, హౌసింగ్‌లో చప్పుడు ఉంటే వేరే బండిలో వెళ్లండి. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ (కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకూ శక్తి ఇచ్చేది) ఉన్నవాళ్లు పొడి తారు రోడ్డు మీద ఫోర్ హై, అంటే ఫోర్ వీల్ వేగం గేరు వేసి ఘాట్ ఎక్కకండి. మలుపుల్లో ముందు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి, ఆ తేడా పోవడానికి దారి లేక ట్రాన్స్‌ఫర్ కేస్ మెలిపడుతుంది. బురదలో వేయండి, తారు మీద తీసేయండి.

బీచ్ మీదికి తీసుకెళ్తే సీళ్లు పోతాయా?

ఇసుక లిప్ కిందికి చేరితే సీల్‌ను కోస్తుంది, ఉప్పు షాఫ్ట్ మీద గుంతలు తినేస్తుంది. భీమిలి రోడ్డు పక్కనే ఇల్లున్న బండికి ఇసుకలోకి దిగకపోయినా రెండోది తప్పదు. వారానికోసారి అడుగు భాగం మంచినీళ్లతో కడిగించండి. బండిని నెలల తరబడి కదపకుండా ఉంచడం కూడా మంచిది కాదు. లిప్ ఎండిపోతుంది, అది తగిలే చోట షాఫ్ట్ తుప్పు పడుతుంది. వారానికోసారి కొన్ని కిలోమీటర్లు నడపండి, మట్టి రోడ్డు దొరికితే ఫోర్ వీల్ కూడా వేసి ముందు హౌసింగ్‌లో ఆయిల్ కదిలేలా చూడండి.

దించిన పాత ఆయిల్ ఏం చేయాలి?

కాలువలో పోయకండి. మన ఊళ్లో కాలువ గెడ్డలో కలుస్తుంది, గెడ్డ సముద్రంలో కలుస్తుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టి, వాడేసిన ఆయిల్‌ను రీసైక్లింగ్‌కు పంపే వర్క్‌షాప్‌లో ఇవ్వండి. నీళ్లు, పెట్రోల్, బ్రేక్ ఆయిల్ అందులో కలపకుండా ఇస్తే వాళ్లు అభ్యంతరం చెప్పరు. జిడ్డు పీల్చిన గుడ్డలను ఎండలో కుప్పగా వదలకండి, మంట అంటుకునే ప్రమాదం ఉంది.